పడవలో బ్యాటరీ మార్చేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో చాలావరకు తెరచాప పడవల్లో బ్యాటరీల గురించే ఉన్నాయి, అందుకని మిగతా విషయాలు పక్కనపెట్టి పేజీలన్నీ వీటికే ఇస్తున్నా. ‘ఏ బ్యాటరీ కొనమంటారు’ అని ఒక్క లైన్‌లో అడిగినవాళ్లు ఎక్కువమంది, దానికి ఒక్క లైన్‌లో జవాబు చెప్పడం నావల్ల కాదు గానీ మొదటి ప్రశ్నకి బాగా వివరంగా రాశా, అది చదివితే మిగతావాళ్లకి కూడా సగం జవాబు దొరికేస్తుంది.

ప్రశ్న: నాది 32 అడుగుల తెరచాప పడవ సార్. లైట్లు, ఫ్రిజ్ లాంటివాటికి రెండు 100 ఆంప్-అవర్ ఏజీఎం బ్యాటరీలు (మూసి ఉండే లెడ్ రకం), ఇంజన్ స్టార్ట్ చెయ్యడానికి విడిగా ఇంకోటి ఉన్నాయి. వారాల తరబడి లంగరు వేసుకుని పడవలోనే ఉంటాం. రోజూ పొద్దున ఒక గంట ఇంజన్ వేసి ఛార్జ్ చేస్తా. కొని మూడేళ్లు కూడా కాలేదు, అప్పుడే రాత్రి రెండింటికల్లా ఫ్రిజ్ ఆగిపోతోంది. ఈసారి లిథియం వేసేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. వెయ్యమంటారా?

జవాబు: వెయ్యొచ్చండి, కానీ అప్పుడే కొనకండి. పాతవి ఎందుకు పోయాయో ముందు తెలియాలి, లేకపోతే కొత్తవి కూడా అదే దారిన పోతాయి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ బ్యాటరీలు వయసైపోయి పోలేదు, మూడేళ్లపాటు రోజూ అరకడుపుతో పడుకుని పోయాయి.

లెక్క వేద్దాం. ఒక ఆంప్ కరెంటు గంటసేపు వాడితే ఒక ఆంప్-అవర్. ఫ్రిజ్‌కి రోజుకి 45 ఆంప్-అవర్లు అనుకోండి, ఆటోపైలట్ ఒక ఆరు గంటలు 3 ఆంప్స్ చొప్పున 18, చార్ట్‌ప్లాటర్ (దారి చూపే తెర) 10, వీహెచ్ఎఫ్ రేడియో వింటూ ఉంటే 5, లోపలి లైట్లు 6, రాత్రంతా వెలిగే లంగరు లైటు ఎల్‌ఈడీ అయితే 2, ఫోన్లు లాప్‌టాప్ ఒక 10. మొత్తం 96. లంగరు వేసిన రోజు ఆటోపైలట్ ఉండదు, ఎండ ఎక్కువున్న రోజు ఫ్రిజ్ ఇంకా ఎక్కువ తాగుతుంది, అటూఇటూ చూసుకుంటే మీ పడవకి రోజుకి 80 నుంచి 100 మధ్య కావాలి. ఇప్పుడు ఇంజన్ ఏమిస్తోందో చూడండి. ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) మీద 60 ఆంప్స్ అని రాసి ఉన్నా అది చల్లగా ఉండి జోరుగా తిరుగుతున్నప్పటి మాట, లంగరు మీద ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే, వేడెక్కాక, అందులో సగం వస్తే గొప్ప. గంటకి ఒక 30 ఆంప్-అవర్లు వచ్చాయనుకోండి. లెడ్ బ్యాటరీలో తీసినదానికంటే పది ఇరవై శాతం ఎక్కువ పొయ్యాలి, మధ్యలో కొంత వేడిగా పోతుంది కాబట్టి. అంటే రోజుకి 100 పొయ్యాల్సిన చోట 30 పోస్తున్నారు, ఎప్పుడో గాలి లేక నాలుగు గంటలు ఇంజన్ మీద వెళ్లిన రోజు మాత్రం కాస్త నిండుతోంది.

పోనీ రెండు గంటలు ఇంజన్ వేద్దాం అంటారా, అక్కడ ఇంకో చిక్కుంది. లెడ్ బ్యాటరీ అనేది నిండేకొద్దీ మూతి చిన్నదైపోయే కుండ లాంటిది. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత ఇచ్చినా తీసుకుంటుంది, 80 శాతం దాటాక మీరు ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా సన్నగానే లోపలికి వెళ్తుంది, ఆ చివరి 20 శాతం నిండడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఫ్రిజ్ కోసం అంతసేపు డీజిల్ ఇంజన్ ఎవరు వేస్తారు? ఎవరూ వెయ్యరు, అందుకే లంగరు మీద బతికే పడవల్లో లెడ్ బ్యాటరీ ఎప్పుడూ 50కీ 80కీ మధ్యే ఊగుతూ ఉంటుంది. వాడినప్పుడల్లా ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పొర ఏర్పడుతుంది, అది మామూలే, వెంటనే పూర్తిగా ఛార్జ్ చేస్తే మళ్లీ కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొర గట్టి స్ఫటికాలుగా మారి ప్లేట్లని కప్పేస్తుంది, ఇక ఆ భాగం పనిచెయ్యదు. మెకానిక్‌లు సల్ఫేషన్ పట్టింది అనేది దీన్నే. మీ రెండు బ్యాటరీలకీ జరిగింది ఇదే అని నాకు గట్టి నమ్మకం.

కాబట్టి మొదట కొనాల్సింది బ్యాటరీ కాదు, సోలార్ ప్యానెల్. మంచి ఎండలో, చదునుగా పెట్టిన 100 వాట్ల ప్యానెల్ రోజుకి 25 నుంచి 30 ఆంప్-అవర్లు ఇస్తుంది. మీకు 300 వాట్లకి చోటు దొరికితే ఎండ బాగున్న రోజుల్లో మీ ఖర్చులో ముప్పావు వంతు దానినుంచే వచ్చేస్తుంది. అంతకంటే ముఖ్యం ఏంటంటే సోలార్ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నెమ్మదిగా ఇస్తూనే ఉంటుంది, లెడ్ బ్యాటరీకి చివర్లో కావాల్సింది సరిగ్గా అదే. పొద్దున ఇంజన్‌తో కడుపు నింపి, మిగతా భాగం ఎండకి వదిలెయ్యాలి. చాలామంది ఇది తిరగేసి, మధ్యాహ్నం దాకా ఎండ మీద నడిపి సాయంత్రం ఇంజన్ వేస్తారు, అప్పటికి బ్యాటరీ ఎక్కువ తీసుకోదు, డీజిల్ దండగ. ప్యానెల్ మీద తెరచాప నీడ, దాని కింది కర్ర (బూమ్) నీడ పడకుండా చూసుకోండి, సన్నటి తాడు నీడ పడినా కరెంటు ఎంత పడిపోతుందో మీటర్ పెట్టి చూస్తేగానీ నమ్మరు.

ఇప్పుడు ఏ రకం బ్యాటరీ అనేదానికి వద్దాం. నీళ్లు పోసే మామూలు డీప్ సైకిల్ (బాగా వాడి మళ్లీ నింపడానికి చేసిన) లెడ్ బ్యాటరీ దెబ్బలకి ఓర్చుకుంటుంది, కాస్త ఓవర్‌ఛార్జ్ అయినా నీళ్లు పోసుకుని బతుకుతుంది, కానీ నెలకోసారి మూతలు తీసి చూడాలి, పడవ బాగా ఒరిగితే యాసిడ్ చిందొచ్చు, గ్యాస్ వస్తుంది. ఏజీఎంలో యాసిడ్ గాజు నూలు చాపలో పీల్చుకుని ఉంటుంది కాబట్టి చిందదు, వేగంగా ఛార్జ్ తీసుకుంటుంది, కానీ అరకడుపు బతుకుని అస్సలు భరించలేదు, దానికి తరచుగా 100 శాతం చూపించాలి. జెల్ మంచిదే గానీ ఎక్కువ వోల్టేజ్ ఇస్తే లోపల బుడగలు పడి శాశ్వతంగా చెడిపోతుంది. ఇక లిథియం అంటే పడవల్లో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఫోన్లలో ఉండే రకం కాదు. దాని అసలు గొప్పతనం బరువు తక్కువని కాదు, 100 ఆంప్-అవర్ ఏజీఎం 30 కిలోల దాకా ఉంటే ఇది 12 కిలోల దగ్గర ఉంటుంది, అదీ మంచిదే, కానీ మీలాంటివాళ్లకి పనికొచ్చేది ఏంటంటే సగం నిండి ఉండడం దానికి జబ్బు కాదు. నెల రోజులు 40కీ 80కీ మధ్య ఊగినా ఏమీ కాదు. పైగా దాదాపు చివరిదాకా ఇచ్చిందంతా తీసుకుంటుంది, మీరు వేసే ఆ ఒక్క గంట ఇంజన్ పూర్తిగా లెక్కలోకి వస్తుంది.

అందుకని మీ విషయంలో నా మాట ఇది: 300 వాట్ల సోలార్, 200 ఆంప్-అవర్ లిథియం, ఇంజన్ నుంచి దానికి 30 ఆంప్స్ డీసీ టు డీసీ ఛార్జర్ (ఒక బ్యాటరీ నుంచి ఇంకోదాన్ని హద్దులో ఛార్జ్ చేసేది). ఎందుకు ఆ ఛార్జర్ అనేది కింద ఇంకొకాయన ప్రశ్నలో రాశా. ఇదంతా ఒకేసారి పెట్టలేను అంటే సోలార్ పెట్టి, రెండు 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కి కలిపి) వెయ్యండి, ఒక్కోటి 220 ఆంప్-అవర్ల దాకా ఉంటాయి, రెండూ కలిపి 12 వోల్టుల దగ్గర అంతే కెపాసిటీ వస్తుంది. రోజంతా వాడి రాత్రి ఛార్జ్ చేసే బండ్ల కోసం మందపాటి ప్లేట్లతో చేసినవి కాబట్టి చాలా గట్టివి. ఎత్తుగా ఉంటాయి, పెట్టెలో పడతాయో లేదో టేపుతో కొలుచుకోండి. సోలార్ లేకుండా మళ్లీ రెండు ఏజీఎంలు మాత్రం వెయ్యొద్దు, ఇంకో మూడేళ్లకి ఇదే ప్రశ్న మీరు మళ్లీ రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: బ్యాటరీ మీద సీసీఏ అని ఒక అంకె, ఆంప్-అవర్ అని ఒక అంకె ఉంటాయి, ఏది చూడాలి?

జవాబు: ఇంజన్ స్టార్ట్ చేసేదానికి సీసీఏ (చలిలో ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె), పడవలో లైట్లు, ఫ్రిజ్ లాంటివి నడిపేదానికి ఆంప్-అవర్. స్టార్టర్ బ్యాటరీలో సన్నటి ప్లేట్లు ఎక్కువ ఉంటాయి, కొన్ని సెకన్లపాటు వందల ఆంప్స్ ఇచ్చి వెంటనే మళ్లీ నింపుకోవడం దాని పని. దాన్ని ఫ్రిజ్‌కి పెట్టి రోజూ సగానికి దించితే ఆ సన్నటి ప్లేట్లు నెలల్లోనే రాలిపోతాయి. ఇంకోటి, 100 ఆంప్-అవర్ అంటే మామూలుగా 20 గంటల లెక్క, అంటే 5 ఆంప్స్ చొప్పున 20 గంటలు వాడితే వచ్చేది. అదే బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ పెట్టి 50 ఆంప్స్ లాగితే రెండు గంటలు రాదు, చాలా ముందే పడిపోతుంది. కొన్నిటి మీద 100 గంటల లెక్కతో పెద్ద అంకె రాస్తారు, అందుకని రెండు బ్యాటరీలు పోల్చేటప్పుడు ఏ గంటల లెక్కో చూసి పోల్చండి.

ప్రశ్న: నా బ్యాంక్‌లో (బ్యాటరీల గుంపులో) మూడు బ్యాటరీలు ప్యారలల్‌లో, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి ఉన్నాయి. ఒకటి ఛార్జ్ పట్టుకోవట్లేదు. ఆ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా?

జవాబు: వద్దండి. మూడూ ఒకేసారి, ఒకే కంపెనీ, ఒకే మోడల్, వీలైతే ఒకే నెలలో తయారైనవి వెయ్యండి. కొత్తది పాతవాటితో కలిస్తే పాతవి దాన్ని తమ స్థాయికి లాగేస్తాయి. కొని ఆరు నెలలైనా కాకపోతే తప్ప ఒక్కటి మార్చమని నేను చెప్పను.

దీని మీద నాకు ఎందుకింత పట్టుదలో చెప్తా. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి లంగరు మీద నిద్రపోతుంటే కుళ్లిన గుడ్ల వాసనకి మెలకువ వచ్చింది. మొదట టాయిలెట్ ట్యాంక్ అనుకున్నా. బ్యాటరీల మీద ఉన్న చెక్క పలక మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పలక తీసి చూస్తే మూడింటిలో మధ్య బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉన్నాయి, చెయ్యి ఆనించలేనంత వేడి, మూతల దగ్గర సన్నగా బుసబుస చప్పుడు. అది అంతకుముందు ఏడాది నేను ఒక్కదాన్నే మార్చకుండా మిగిల్చిన పాతది. లోపల ఒక సెల్ షార్ట్ అయింది. ఆరు సెల్స్ ఉండాల్సిన చోట ఐదే మిగిలాయి, 12 వోల్టుల బ్యాటరీ కాస్తా 10 చిల్లర వోల్టుల బ్యాటరీ అయింది, పక్కనున్న రెండు మంచి బ్యాటరీలూ తమ దగ్గరున్నదంతా దాన్లోకి తోసేస్తున్నాయి. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, విషం. దాంతోపాటు హైడ్రోజన్ కూడా వస్తుంటుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు నిప్పురవ్వకి పేలుతుంది. అందుకే ముందు కిటికీలు, హ్యాచ్‌లు (పైకప్పు తలుపులు) అన్నీ తెరిచా, ఇంట్లోవాళ్లని పైకి పంపా, బ్యాటరీల దగ్గర ఏ స్విచ్చూ ముట్టుకోలేదు, పదిహేను నిమిషాలు గాలి ఆడాకే స్పానర్‌తో ఆ ఒక్కదాని వైరు విప్పా. ఇప్పుడు నా పడవలో ప్రతి బ్యాటరీకీ విడిగా ఫ్యూజ్ ఉంది.

మార్చేటప్పుడు వైర్లు కూడా ఒకసారి చూడండి. ప్లస్, మైనస్ రెండూ ఒకే చివరి బ్యాటరీ నుంచి తీస్తే ఆ ఒక్కటే ఎక్కువ పనిచేసి ముందు పోతుంది. ప్లస్ ఒక చివరి నుంచి, మైనస్ ఇంకో చివరి నుంచి తీసుకోండి, మధ్యలో కలిపే వైర్లు అన్నీ ఒకే పొడవు, ఒకే లావు ఉండాలి.

ప్రశ్న: రేవులో కరెంటుకి పెట్టి రాత్రంతా ఛార్జర్ వేస్తా, మూడు గంటల్లోనే పచ్చ లైటు వచ్చేస్తుంది. అంటే నిండినట్టేనా? సెట్టింగ్స్ ఏం పెట్టాలి?

జవాబు: పచ్చ లైటుని నమ్మకండి. మంచి ఛార్జర్ మూడు దశల్లో పనిచేస్తుంది. మొదటి దశలో తన బలం కొద్దీ కరెంటు తోస్తుంది, దాన్ని బల్క్ అంటారు. వోల్టేజ్ ఒక స్థాయికి చేరాక అక్కడే పట్టుకుని ఉంటుంది, కరెంటు నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, అది అబ్సార్ప్షన్. ఆ తర్వాత వోల్టేజ్ తగ్గించి ఊరికే నిలబెడుతుంది, అది ఫ్లోట్. ప్రాణమంతా రెండో దశలోనే ఉంది, చవక ఛార్జర్లు అక్కడే తొందరపడి ఫ్లోట్‌కి వెళ్లిపోయి పచ్చ లైటు వెలిగిస్తాయి.

నిండిందో లేదో తెలిసే పద్ధతి ఒకటుంది. వోల్టేజ్ ఇంకా అబ్సార్ప్షన్ స్థాయిలో ఉండగానే బ్యాటరీలోకి వెళ్లే కరెంటు ఎంతో, వైరు చుట్టూ పట్టే క్లాంప్ మీటర్‌తో చూడండి. 200 ఆంప్-అవర్ బ్యాంక్ అయితే అది 2 నుంచి 4 ఆంప్స్‌కి, అంటే కెపాసిటీలో ఒకటి రెండు శాతానికి పడితే నిండినట్టు. 10 ఆంప్స్ తీసుకుంటూ ఉండగానే ఫ్లోట్‌కి పోయిందంటే అబ్సార్ప్షన్ టైమ్ పెంచాలి.

అంకెలు కావాలంటే, బ్యాటరీ కంపెనీ ఇచ్చిన కాగితమే ప్రమాణం, అది పోగొట్టుకుంటే సుమారుగా ఇవి: నీళ్లు పోసే రకానికి అబ్సార్ప్షన్ 14.4 నుంచి 14.8 వోల్టులు, ఏజీఎంకి 14.4 నుంచి 14.7, జెల్‌కి 14.1 లేదా 14.2, అంతకు మించొద్దు. ఫ్లోట్ మూడింటికీ 13.5 నుంచి 13.8 మధ్య. ఇవన్నీ 25 డిగ్రీల వేడికి చెప్పే అంకెలు. బ్యాటరీ ఇంజన్ పక్కన 40 డిగ్రీల్లో కూర్చుంటే ఒక్కో డిగ్రీకి సుమారు 0.02 వోల్టులు తగ్గించాలి, అంటే 14.4 బదులు 14.1. దానికోసం ఛార్జర్‌తోపాటు ఒక చిన్న సెన్సర్ వైరు వస్తుంది, దాన్ని బ్యాటరీ టెర్మినల్‌కి బిగించాలి. చాలా పడవల్లో ఆ సెన్సర్ ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా డ్రాయర్‌లో పడి ఉండడం చూశా, బాధేస్తుంది, బ్యాటరీకి ఏళ్లు కలిపేది అదే.

ఇంకో పని ఈరోజే చెయ్యండి, ఐదు నిమిషాలు పట్టదు. ఛార్జర్ జోరుగా పనిచేస్తున్నప్పుడు మల్టీమీటర్ ముల్లులు ఛార్జర్ టెర్మినల్స్ మీద పెట్టి వోల్టేజ్ రాసుకోండి, తర్వాత నేరుగా బ్యాటరీ సీసపు స్తంభాల మీద పెట్టండి, లగ్ (వైరు చివరి లోహపు తొడుగు) మీద కాదు. ఛార్జర్ దగ్గర 14.4 ఉండి బ్యాటరీ దగ్గర 14.0 ఉంటే మధ్యలో 0.4 వోల్టులు వైరు తినేస్తోంది. అప్పుడు ఒక్కో జాయింట్‌కీ అటూఇటూ పెట్టి చూసుకుంటూ వెళ్తే దొంగ దొరుకుతాడు, ఎక్కువసార్లు పచ్చగా చిలుం పట్టిన లగ్గో, లోపల నల్లబడిన రాగి తీగో అయి ఉంటుంది. ఉప్పు గాలికి మామూలు రాగి వైరు లోపలికంటా నల్లబడిపోతుంది, తగరం పూత ఉన్న వైరే వాడండి. బ్యాటరీలు విడదీసే పాత డయోడ్ డబ్బా ఉంటే అదొక్కటే 0.6 వోల్టుల దాకా మింగుతుంది, దాన్ని తీసేసి వోల్టేజ్ చూసి కలిపే రిలే పెట్టుకుంటే చాలా మార్పు కనిపిస్తుంది.

ప్రశ్న: ‘పాతది తీసి ఇది పెట్టెయ్యండి, ఏమీ మార్చక్కర్లేదు’ అని రాసి ఉన్న లిథియం బ్యాటరీ తెచ్చి పెట్టా. రెండో నెలలోనే ఆల్టర్నేటర్ కాలిపోయింది. సంబంధం ఉందా?

జవాబు: ఉంది, నూటికి తొంభై పాళ్లు అదే కారణం. లెడ్ బ్యాటరీ కాసేపటికి తనంతట తనే కరెంటు తగ్గించుకుంటుంది కాబట్టి ఆల్టర్నేటర్‌కి ఊపిరి దొరుకుతుంది. లిథియం తగ్గించుకోదు, ఎంతిస్తే అంత లాగుతూనే ఉంటుంది, చిన్న ఆల్టర్నేటర్ గంటల తరబడి పూర్తి బలంతో తిరగడానికి తయారైంది కాదు, తీగచుట్ట మాడిపోతుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది కదా, అప్పుడే ఎక్కువ ప్రమాదం.

రెండో ప్రమాదం వేరే. లిథియం లోపల బీఎంఎస్ అని ఒక కాపలా సర్క్యూట్ ఉంటుంది, ఏదో ఒక సెల్ వోల్టేజ్ హద్దు దాటితే అది ఠక్కున బ్యాటరీని విడదీస్తుంది. ఆ క్షణంలో ఆల్టర్నేటర్ ఇస్తున్న కరెంటుకి పోవడానికి చోటు లేక వోల్టేజ్ ఒక్కసారిగా పైకి ఎగిరి డయోడ్లు పోతాయి, ఆ లైన్ మీద ఉన్న ఎలక్ట్రానిక్స్ కూడా పోవచ్చు.

రెండింటికీ మందు ఒకటే. ఆల్టర్నేటర్‌ని స్టార్టర్ లెడ్ బ్యాటరీకే కలిపి ఉంచండి, అక్కడినుంచి డీసీ టు డీసీ ఛార్జర్ ద్వారా లిథియానికి ఇవ్వండి. 60 ఆంప్స్ ఆల్టర్నేటర్ ఉంటే 30 ఆంప్స్ ఛార్జర్ చాలు. బీఎంఎస్ విడదీసినా ఆల్టర్నేటర్‌కి లెడ్ బ్యాటరీ తోడుగా ఉంటుంది. రేవులో వాడే ఛార్జర్, సోలార్ కంట్రోలర్ రెండింటిలోనూ లిథియం సెట్టింగ్ పెట్టండి: 14.2 వోల్టుల దగ్గర కాసేపు ఆగి ఆపెయ్యాలి, ఫ్లోట్ ఉండితీరాలంటే 13.4 లేదా 13.5. ఈక్వలైజ్ (లెడ్ బ్యాటరీని ఎక్కువ వోల్టేజ్‌తో కాసేపు ఉడికించేది) పూర్తిగా ఆఫ్ చెయ్యండి, వేడిని బట్టి వోల్టేజ్ మార్చేది కూడా ఆఫ్. సున్నా డిగ్రీలకంటే చల్లగా ఉన్నప్పుడు లిథియాన్ని ఛార్జ్ చెయ్యకూడదు, లోపల లిథియం లోహం పేరుకుని సెల్ పాడవుతుంది, చలిలో ఛార్జింగ్ ఆపే ఏర్పాటు ఉన్న బీఎంఎస్ అయితేనే చలి నీళ్లలోకి తీసుకెళ్లండి.

వోల్ట్ మీటర్ చూసి లిథియం ఎంత మిగిలిందో చెప్పాలని కూడా ప్రయత్నించకండి. 90 శాతం ఉన్నా 40 ఉన్నా మీటర్ 13 చిల్లరే చూపిస్తుంది, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. షంట్ (కరెంటు కొలిచే ముక్క) పెట్టి లోపలికి ఎంత వెళ్లింది బయటికి ఎంత వచ్చింది లెక్కపెట్టే మానిటర్ తప్పనిసరి. ఫ్యూజ్ కూడా మార్చండి, లిథియం షార్ట్ అయితే వేల ఆంప్స్ వస్తాయి, మామూలు ఫ్యూజ్ తెగాక కూడా మధ్యలో మంట నిలిచి కరెంటు పారుతుంది. దానికి టీ క్లాస్ ఫ్యూజ్ వాడతారు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, ఏడు అంగుళాల లోపు.

ప్రశ్న: పొద్దున్నే మీటర్ 12.8 చూపిస్తుంది, ఫ్రిజ్ వెయ్యగానే 11.9 అవుతుంది. బ్యాటరీ బాగున్నట్టా పోయినట్టా?

జవాబు: పోయినట్టే అనిపిస్తోంది, కానీ పరీక్ష చేసి తేల్చుకోండి. ఛార్జ్ ఆపిన వెంటనే కనిపించే వోల్టేజ్ పైపై పొంగు, కనీసం ఒక రాత్రి ఏ లోడూ ఛార్జింగూ లేకుండా వదిలేశాక చూడాలి. అప్పుడు నీళ్లు పోసే రకం 12.6 లేదా 12.7, ఏజీఎం 12.8 దాకా చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.1, 12.2 ప్రాంతం అంటే సగం. కానీ నిండుగా ఉండడం వేరు, ఎంత పడుతుందనేది వేరు. సల్ఫేషన్ పట్టి చెంబంత అయిపోయిన బిందె కూడా నిండితే 12.7నే చూపిస్తుంది.

అసలు పరీక్ష ఇలా చెయ్యండి. బ్యాటరీని విడదీసి పూర్తిగా ఛార్జ్ చేసి, రాత్రంతా వదిలేసి, 100 ఆంప్-అవర్ బ్యాటరీ అయితే 60 వాట్ల పాత రకం కారు హెడ్‌లైట్ బల్బు తగిలించండి, అది సుమారు 5 ఆంప్స్ తీసుకుంటుంది. టైమ్ రాసుకోండి. వోల్టేజ్ 10.5కి చేరేదాకా ఎన్ని గంటలు పట్టిందో చూడండి, చివరి గంటల్లో పక్కనే ఉండాలి, 10.5 దాటి దిగనివ్వకండి. 20 గంటలు వస్తే కొత్తదానిలా ఉన్నట్టు, 12 గంటలు వస్తే 60 శాతమే మిగిలింది. వెంటనే మళ్లీ పూర్తిగా ఛార్జ్ చెయ్యండి, ఆ ఖాళీ స్థితిలో ఒక్క రోజు కూడా ఉంచొద్దు. నేనైతే 70కి తగ్గితే మార్చే ఆలోచన మొదలుపెడతా, 60 దగ్గర మార్చేస్తా.

ప్రశ్న: బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పొయ్యాలి, ఛార్జ్ ముందా తర్వాతా?

జవాబు: తర్వాత. ఛార్జ్ అయ్యేటప్పుడు యాసిడ్ పొంగుతుంది, ముందే నింపితే బయటికి వచ్చేస్తుంది. ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేదాకా పోసి ఛార్జ్ చేసి, ఆ తర్వాత మిగతాది నింపండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్స్ చూడండి, నిండిన బ్యాటరీలో 1.265, 1.275 ప్రాంతంలో ఉండాలి. ఒకటి మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తుంటే కంపెనీ ఒప్పుకుంటేనే ఈక్వలైజ్ చేసి చూడండి, 15.5 వోల్టుల పైన కాసేపు నెమ్మదిగా ఉడికించడం అన్నమాట. ఆ సమయంలో మిగతా ఎలక్ట్రానిక్స్ అన్నీ విడదీసి, హ్యాచ్‌లు తెరిచి, పక్కనే ఉండి చెయ్యాలి. ఏజీఎంకి, జెల్‌కి ఇది చెయ్యొద్దు.

ప్రశ్న: బ్యాటరీలు పడవ అడుగున, నీళ్లు చేరే చోటికి కాస్త పైన ఉన్నాయి. బరువు కిందుంటే మంచిదని అలా పెట్టా. ఇబ్బందా?

జవాబు: బరువు విషయంలో మీ ఆలోచన సరైనదే, కానీ పడవలోకి నీళ్లు వచ్చిన రోజు మొదట మునిగేవి అవే, పంపు, రేడియో అన్నీ వాటిమీదే నడవాలి. ఉప్పునీళ్లు లెడ్ బ్యాటరీ మీదకి చేరితే క్లోరిన్ వస్తుంది, పాత జలాంతర్గాముల్లో నావికులు భయపడిన గ్యాస్ అదే. కాస్త ఎత్తు పెంచండి, బరువు మధ్యలోనే ఉండేలా చూసుకుంటే పడవ నడకలో మీకు తేడా తెలియదు. పెట్టెలో పెట్టి బెల్టుతో కట్టండి, పడవ పూర్తిగా ఒరిగినా అంగుళం కూడా కదలకూడదు, 30 కిలోల బ్యాటరీ అలల్లో ఊడివస్తే మనిషిని కొడుతుంది. ప్లస్ టెర్మినల్స్‌కి తొడుగు వెయ్యండి. హైడ్రోజన్ తేలిక కాబట్టి గాలి పోయే దారి పెట్టె పైభాగంలో ఉండాలి.

ప్రశ్న: నాలుగు నెలలు పడవ దగ్గరికి వెళ్లలేను. బ్యాటరీలు ఎలా వదిలెయ్యాలి?

జవాబు: లెడ్ అయితే పూర్తిగా నింపి వదలాలి, లిథియం అయితే సగం దగ్గర వదలాలి, ఈ రెండూ తారుమారు చెయ్యకండి. లెడ్‌కి చిన్న సోలార్ ప్యానెల్ కంట్రోలర్‌తో కలిపి ఉంచితే చాలు, అది లేకపోతే నెగెటివ్ విడదీసి, నెలకో రెండు నెలలకో ఎవరినైనా పంపి ఒకసారి ఛార్జ్ చేయించండి. బ్యాటరీ వాడకపోయినా తనలో తను తగ్గుతూనే ఉంటుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ తగ్గుదల దాదాపు రెట్టింపు అవుతుంది. మెయిన్ స్విచ్ ఆపినా పడవ అడుగు నీళ్లు తోడే బిల్జ్ పంపు ఆటోమేటిక్ స్విచ్, గ్యాస్ అలారం లాంటివి నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటాయి, అవి ఎంత లాగుతున్నాయో వెళ్లేముందు క్లాంప్ మీటర్‌తో కాదు, చిన్న కరెంటు కాబట్టి మల్టీమీటర్ సిరీస్‌లో పెట్టి చూడండి. 0.1 ఆంప్ అనిపించినా నాలుగు నెలలకి అది 290 ఆంప్-అవర్ల దాకా అవుతుంది. లిథియానికి బయట అన్నీ విడదీసినా బీఎంఎస్ కొద్దిగా తింటూనే ఉంటుంది, కానీ సగం ఉంటే నాలుగు నెలలకి భయం లేదు. తిరిగి వచ్చిన రోజు ఇంజన్ స్టార్ట్ చేసేముందు టెర్మినల్స్ అన్నీ ఒకసారి స్పానర్‌తో బిగించుకోండి.